మైన్‌క్రాఫ్ట్ గ్రూపులో నాచ్ గొడవ ఆపేదెలా?

విజయవాడ పటమటలో మేం 34 మందిమి, ఎక్కువగా ఇంటర్ పిల్లలే, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో మైన్‌క్రాఫ్ట్ గేమ్ గ్రూపు నడుపుతున్నాం. గేమ్ సృష్టించిన నాచ్, అదే మార్కస్ పెర్సన్, రాజకీయ ట్వీట్ల మీద పది రోజులుగా రాత్రి 9 దాటితే చాలు గొడవే. అతను 2014లోనే గేమ్ తీసిన తన కంపెనీని మైక్రోసాఫ్ట్‌కి అమ్మేశాడు, 2019లో మెనూలో అతని పేరొచ్చే లైన్లు కూడా తీసేశారు, ఇప్పుడు ఈ గేమ్ అతనిది కాదు అని నచ్చజెప్పి చూశా, ఎవరూ వినలేదు.

స్లో మోడ్, అంటే ఒక మెసేజ్ పెట్టాక ఆగి ఇంకోటి పెట్టాల్సిన గ్యాప్, 10 నిమిషాలు పెట్టా. మాటల్ని దానంతటదే ఆపే ఆటోమోడ్‌లో నాచ్ పేరు బ్లాక్ చేస్తే స్పెల్లింగ్ మార్చి రాస్తున్నారు. విడిగా ఛానెల్ ఇస్తే అక్కడ మొదలైంది వాయిస్ చాట్‌లోకి వస్తోంది, నాకు అదే ఎక్కువ టెన్షన్. కొత్తగా చేరిన ఇద్దరు వెళ్లిపోయారు, చాలా బాధేసింది. రెండు వైపులా ఉన్నది గేమ్‌లో బాగా కట్టే మంచి బిల్డర్లే, బ్యాన్ చేయాలని లేదు.

ఎవర్నీ తీసేయకుండా ఇలాంటి గొడవ ఆపినవాళ్లుంటే చెప్పండి, మీ గ్రూపులో ఏ రూల్ పనిచేసింది?