రమ్మీ ఆడి బతకొచ్చా? ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా

జోకర్_ముక్క (విజయవాడ):

అందరికీ నమస్కారం. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర సేల్స్ ఉద్యోగం, జీతం ముప్పై రెండు వేలు. బెంగళూరులో పనిచేసినప్పుడు యాప్‌లో రమ్మీ ఆడేవాణ్ణి. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చాక యాప్‌లలో డబ్బు ఆటలు ఆగిపోయాయి. ఇప్పుడు శనివారం రాత్రుళ్ళు ఫ్రెండ్ రూంలో ఆడతాం. నోట్‌బుక్‌లో లెక్క రాసుకుంటున్నా, చాలా నెలలు నాకే మిగులుతోంది.

ఉద్యోగం మానేసి దీన్నే వృత్తిగా తీసుకుందామని ఉంది. గోవా వెళ్ళి కాసినోల్లో పోకర్ పేకాట కూడా ఆడొచ్చు. ఇవి స్కిల్ గేమ్స్ అని సుప్రీంకోర్టే చెప్పింది కదా. లాయరు తన స్కిల్ అమ్ముకుంటే ప్రాక్టీసు, నేను అమ్ముకుంటే జూదమా? నీతులు వద్దు ప్లీజ్, అవి ఇంట్లో అమ్మ చెప్తోంది.

క్లబ్బు_క్యాషియర్:

బాబూ, నేనొక టౌన్ క్లబ్బులో చాలా ఏళ్ళు క్యాష్ కౌంటర్ చూసి రిటైరయ్యాను. ఆట వచ్చు గానీ ఆడను. రోజూ కౌంటర్ వెనక కూర్చునేవాడికి ఆడబుద్ధి పుట్టదు. నీతి మీ అమ్మగారికే వదిలేసి నేను చూసింది చెప్తాను.

ముందు నీ కోర్టు సంగతి. 1968లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది మన కేసే, సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, అందుకని రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అన్నారు. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం అన్నారు. క్లబ్బు యజమాని ఆట మీద లాభం తీస్తుంటే మాత్రం నేరమే కావచ్చని కూడా అందులోనే ఉంది, అది ఎవరూ చెప్పరు. పోకర్ ఊసే లేదు. ఆ తీర్పు నిన్ను పోలీసుల నుంచి కాపాడుతుందేమో గానీ, టేబుల్ కమీషన్ నుంచి, అంటే ప్రతి ఆటలో క్లబ్బు తీసుకునే వాటా నుంచి కాపాడదు.

ఆరుగురు సమానంగా ఆడేవాళ్ళు తలా వెయ్యి పెట్టారనుకో. ఆరు వేలు. టేబుల్ పది శాతం తీస్తే మిగిలేది 5,400. అందరూ ఒకేలా ఆడినా చివరికి సగటున తలా వంద పోగొట్టుకునే లేస్తారు. అందరికంటే నువ్వు పదో వంతుకి పైగా మెరుగైతే, అప్పటికి పెట్టింది పెట్టినట్టు వస్తుంది. సంపాదన ఆ తర్వాత మాట. మీ ఫ్రెండ్ రూంలో కమీషన్ లేదు, కరెంటు బిల్లు కూడా అతనిదే అయ్యుంటుంది.

మా క్లబ్బులో నిజంగా ఆడి ఇల్లు నడిపినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. ఏ బళ్ళోనూ పాఠం చెప్పకపోయినా మాస్టారనేవాళ్ళం. సాయంత్రం నాలుగింటికి స్నానం చేసి ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు. మందు ముట్టడు. సగానికి పైగా ఆటల్లో ముక్కలు విప్పి చూసి, ఇరవై పాయింట్లు ఇచ్చి డ్రాప్, అంటే ఆ ఆట నుంచి తప్పుకోవడం. లైఫ్ (జోకర్ వాడకుండా ఒకే జాతి ముక్కల వరస) లేకుండా ఆశకి కూర్చుని, ఓడితే పడే ఎనభై పాయింట్ల ఫుల్ కౌంట్ కట్టడం ఎప్పుడో గానీ జరగదు. సరదాకొచ్చినవాళ్ళు డ్రాప్ అవరు. "ఆడదామని వస్తే ఫ్యాన్ చూస్తూ కూర్చోమంటావా?" అంటారు. వాళ్ళు కట్టే ఎనభైకీ ఈయన కట్టే ఇరవైకీ మధ్య తేడాలోనే ఆయన బియ్యం, ఉప్పు, పిల్లల ఫీజులు.

ఆ ఎనభైలు కట్టే మనుషులు ముఖ్యంగా ఇద్దరు, ఒక రైస్ మిల్లు ఓనరు, ఒక మిర్చి కమీషన్ ఏజెంటు. వాళ్ళకి ఆ డబ్బు పోవడం పెద్ద బాధ కాదు. మూడు గంటలు ఇంటి గొడవ లేకుండా, వేడి బజ్జీలు తింటూ కూర్చున్నందుకు అయిన ఖర్చు. మాస్టారు వాళ్ళని ఎంత జాగ్రత్తగా చూసుకునేవాడో! ఓడితే ఓదార్చడం, చెత్త ఆట ఆడినా "భలే ముక్క వేశారండీ" అనడం. మిల్లు ఓనరు కూతురి పెళ్ళిలో పంక్తిలో వడ్డించాడు కూడా. బాగా ఆడేవాడు ఎవడైనా వచ్చి ఎదురుగా కూర్చుంటే తలనొప్పని లేచి వెళ్ళిపోయేవాడు. స్కిల్ అంటే నీకు ముక్కలు గుర్తున్నాయేమో, ఆయన దగ్గర ఉన్నది ఇదీ.

తర్వాత మిల్లు ఓనరుకి బైపాస్ అయ్యి రావడం మానేశాడు. ఏజెంటు ఫోన్‌లో ఆటకి మరిగాడు. మాస్టారి ఆట ఏం తగ్గలేదు, అయినా కొన్నాళ్ళకే ఒంగోలు వైపు ఇంకో క్లబ్బు వెతుక్కుంటూ వెళ్ళాల్సి వచ్చింది. ఒకసారి దీపావళికి మా స్టాఫ్ రూపాయి ఆట ఆడుకుంటూ ఆయన్ని పిలిస్తే, "పండగ రోజు కూడా డ్యూటీనా?" అన్నాడు.

పన్నుల_పద్దు:

ఆడిటర్‌ని. పైన చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. పేకాట, లాటరీ, గుర్రప్పందేల గెలుపు మీద 30 శాతం పన్ను, ఆపైన 4 శాతం సెస్. మామూలు ఆదాయానికుండే కనీస మినహాయింపు దీనికి లేదు. ఖర్చులు తీసేయనివ్వరు, ఓడినది గెలిచినదాంట్లో సర్దనివ్వరు. ఏడాదిలో పది లక్షలు గెలిచి ఎనిమిది లక్షలు ఓడారనుకోండి. చేతిలో ఉన్నది రెండు లక్షలు, కట్టాల్సిన పన్ను 3,12,000. మీరు వృత్తి అనుకున్నా సరదా అనుకున్నా ఈ రేటు మారదు. లాయరు ఆఫీసు అద్దె, గుమాస్తా జీతం తీసేసి మిగిలినదాని మీద పన్ను కడతాడు. మీ పోలిక అక్కడే తేడా కొడుతోంది. విచిత్రమేమంటే, రేసు గుర్రాన్ని పోషించే ఓనరుకి ఆ నష్టాన్ని నాలుగేళ్ళ దాకా అదే రకం ఆదాయంలో సర్దుకునే వీలుంది. దాని మీద పందెం కాసినవాడికి లేదు.

మలక్‌పేట_అమ్మాయి:

మా నాన్న కొన్నేళ్ళు రేసుల మీదే బతికారు. స్కూలు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర అమ్మ "బిజినెస్" అని రాసేది. హైదరాబాద్‌లో రేసుల్లేని రోజుల్లో బెంగళూరు, పుణె రేసులు ఉండేవి, కాబట్టి ఆయనకి సెలవే లేదు. ఇంట్లో పేపర్లు, పెన్సిల్ గీతలు, గుర్రాల టైమింగులు. పండక్కి ఊరు వెళ్ళినా మనసంతా అక్కడే.

నిజం చెప్పాలంటే డబ్బులు రాలేదని కాదు, వచ్చేవి. ఎప్పుడొస్తాయో తెలీదు. మంచి నెలలో అమ్మ చప్పుడు చేయకుండా రెండు చీటీలు కట్టేసేది, లేకపోతే జూన్‌లో ఫీజులు ఎక్కడివి? జీతం స్లిప్పు లేదని బ్యాంకు ఇంటి లోన్ ఇవ్వలేదు. తర్వాత ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చేరారు. ఇప్పుడు నెలకోసారి రేసులకి వెళ్తారు, జేబులో వెయ్యి పెట్టుకుని. పోగొట్టుకుని వచ్చినా రాత్రి అన్నం తింటూ ఆ రేసు మొత్తం మాకు చేతులూపుతూ చెప్తారు. అప్పట్లో గెలిచిన రోజు కూడా ఏమీ చెప్పేవారు కాదు.

జోకర్_ముక్క:

క్యాషియర్ అంకుల్, మాస్టారి సంగతి చదివి కాస్త టెన్షన్ వచ్చింది. మా రూంలో ఎక్కువ ఓడేది ఇద్దరే, అందులో ఒకడు మూడు వారాలుగా ఏదో ఒక సాకు చెప్తున్నాడు. కానీ గోవాలో రోజూ కొత్త టూరిస్టులు వస్తారు కదా?

క్లబ్బు_క్యాషియర్:

వస్తారు. వాళ్ళలో ఎక్కువమంది చక్రం దగ్గరికే పోతారు. ఒక సున్నా ఉన్న రౌలెట్ చక్రంలో 37 గళ్ళు, నంబరు తగిలితే కాసింది కాక పైన ఇచ్చేది 35 రెట్లు. ఆ తేడా కాసినోకి, నీకేం రాదు. పోకర్ బల్ల దగ్గర గంటల తరబడి కూర్చునేవాళ్ళలో యాప్‌లు ఆగిపోయి నీలాగే ఆలోచించి వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళు నీకు మిల్లు ఓనర్లు కారు.

అయినా వెళ్ళాలనుంటే లీవు పెట్టి వెళ్ళు, రిజైన్ చేయకు. ఎంత పోతే లేస్తావో ఇక్కడే కాగితం మీద రాసుకుని, అంతే డబ్బు పట్టుకెళ్ళు, కార్డు ఇంట్లో వదిలేయ్. రైలు, రూము, తిండి, కమీషన్ అన్నీ కలిపిన లెక్క తిరిగొచ్చాక ఇక్కడ పెట్టు. ఆడిటర్ గారూ నేనూ చూస్తాం. ఆ సాకులు చెప్పే అబ్బాయికి మాత్రం ఇవాళే ఫోన్ చెయ్యి, పేకాట గురించి కాకుండా.