‘గూగుల్‌తో కొనసాగండి’: ఈ ‘తో’ ఏ అర్థంలో?

మలక్‌పేటలో ఉండే మా పెద్దమ్మగారు మొన్న బస్సు టికెట్టు కోసం ఒక కొత్త యాప్ తెరిచి, ప్రవేశం కోసం ఉన్న ‘గూగుల్‌తో కొనసాగండి’ అన్న మీట దగ్గర వేలు ఆపి, “గూగుల్‌తో ఎక్కడికి కొనసాగాలిరా? నా జీమెయిలు పాస్‌వర్డు వీళ్ల చేతిలో పెట్టినట్టే కదా?” అని అడిగారు. ఆవిడ భయానికి కారణం ఆ ‘తో’ ప్రత్యయమేనని నాకు అనిపించింది.

తృతీయా విభక్తిలోని ‘తో’ ప్రధానంగా రెండు పనులు చేస్తుంది. ‘అన్నతో ఊరికి వెళ్లాను’ అంటే తోడు. ‘కత్తితో కోశాను’ అంటే సాధనం. పై వాక్యంలో గూగుల్ మనకు తోడుగా రాదు, అది మన చేతిలోని పనిముట్టూ కాదు. నిజానికి జరిగేది ఇది: మీట నొక్కగానే తెర గూగుల్ పేజీకి మారుతుంది, పాస్‌వర్డు అవసరమైతే అక్కడే ఇస్తాము, యాప్ దానిని చూడదు. ‘ఈ ఖాతాదారు ఫలానా’ అని గూగుల్ ధ్రువీకరిస్తూ తన డిజిటల్ సంతకంతో ఒక ఐడీ టోకెన్‌ను, అంటే గుర్తింపు చీటీ లాంటిదాన్ని, యాప్‌కు అందిస్తుంది. ఈ పద్ధతికి ఓపెన్ ఐడీ కనెక్ట్ అని పేరు. అది 2014లో ప్రమాణంగా వెలువడింది.

ఈ టోకెన్‌కు తెలుగు మాటగా మన హైదరాబాదులో బాగా తెలిసిన ‘జామీను’ సరిపోతుందని ఒక మిత్రుడు సూచించారు. మాట బాగుంది కాని, జామీను ఉన్నవాడు అవతలివాడు ఎగ్గొడితే నష్టం భరించాలి. ఇక్కడ గూగుల్ అటువంటి బాధ్యతేదీ నెత్తిన వేసుకోదు. నా ఓటు ‘ఆనవాలు’కు. హనుమంతుడెవరో తెలియని సీతమ్మ అతన్ని నమ్మడానికి రామనామం చెక్కిన ఉంగరం ఆనవాలయింది. పంపినవారి గుర్తు దానిమీదే ఉంది కనుక తెచ్చినవాడి మాట చెల్లింది. సంతకమున్న టోకెన్ పని కూడా సరిగ్గా అదే.

అందువల్ల దోషం ‘తో’ది కాదు, దాని ముందు ఉండవలసిన నామవాచకం లోపించడమే. ‘గూగుల్ ఆనవాలుతో ప్రవేశించండి’ అంటే సాధనార్థం చక్కగా కుదురుతుంది. మరీ కొత్తగా ఉందనుకుంటే ‘గూగుల్ ఖాతాతో’ అన్నా నాకు అభ్యంతరం లేదు. (‘లాగిన్ అవండి’ని ‘లాగినవండి’ అని కలిపి రాసేవారికి మాత్రం ఒక మనవి: అది ‘లాగు’ ధాతువు నుంచి వచ్చిన ‘లాగినవి అండి’లా చదవబడుతోంది.)

ఇదే చిక్కు ‘తొలగించండి’ దగ్గరా ఉంది. గూగుల్ సెట్టింగులలో ఒక యాప్‌ను తొలగిస్తే ఆ అనుసంధానం మాత్రమే తెగుతుంది. ఆ యాప్‌లో మన పేరున తెరిచిన ఖాతా అలాగే ఉండిపోతుంది. అక్కడ ‘అనుసంధానం తెంచండి’ అనీ, యాప్‌లో ‘ఖాతా మూసివేయండి’ అనీ వేర్వేరుగా రాయాలని నా అభిప్రాయం. పెద్దమ్మగారు మాత్రం ఇంతా విని, టికెట్టు కౌంటరులోనే కొనుక్కున్నారు.