బాంగోర్‌కి వస్తున్నాం, బడి అంతా వెల్ష్‌లోనే అంటున్నారు. పిల్లల్ని ఏం చేయాలి?

బాంగోర్‌కి_కొత్త:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. మా ఆవిడకి వేల్స్‌లోని బాంగోర్‌లో ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల బయలుదేరుతున్నాం. పాపకి ఎనిమిదేళ్ళు, బాబుకి నాలుగు. ఆ ప్రాంతం బడులు చూసే గ్వినెద్ కౌన్సిల్‌కి మెయిల్ పెడితే, ఇక్కడ ప్రైమరీ చదువు ప్రధానంగా వెల్ష్‌లోనే ఉంటుందని జవాబొచ్చింది. ఇంట్లో తెలుగు, ఇన్నాళ్ళూ బడిలో ఇంగ్లిష్, ఇప్పుడు ఇంకో భాష అంటే పాప నలిగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంగ్లండ్‌లో చెస్టర్ వైపు ఇల్లు తీసుకుని ఆవిడ రోజూ తిరగడం మంచిదా? అద్దె ఇల్లు వెతకడంలో జాగ్రత్తలు కూడా చెప్పగలరు.

కార్డిఫ్_పాతకాపు:

తమ్ముడూ, ముందు ఆ చెస్టర్ ఆలోచన మానుకో. నైట్ డ్యూటీ దిగిన మనిషి చలికాలంలో ఏ55 రోడ్డు మీద గంటకు పైగా బండి నడపాలా? వద్దు.

అద్దె సంగతి అడిగావు, అడగనివి కూడా చెప్తాను, పనికొస్తాయి. ఇంగ్లండ్‌లో ఇల్లిచ్చే ముందు వీసా చూడాలని 'రైట్ టు రెంట్' అని ఒక నిబంధన ఉంది. వేల్స్‌లో అది లేదు, ఎవరైనా అడిగితే ఆ మాటే చెప్పు. ఇంటివాడు, అద్దెకిచ్చేవాళ్ళు పేరు నమోదు చేసుకోవలసిన రెంట్ స్మార్ట్ వేల్స్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో ఇంటి అడ్రసు కొట్టి చూసుకోవచ్చు. డిపాజిట్ ఇచ్చిన 30 రోజుల్లోపు దాన్ని డిపాజిట్లు కాపాడే స్కీములో వేయాలి. డాక్టరు రాసిన మందులకి ఇక్కడ డబ్బు కట్టక్కర్లేదు, 2007 నుంచీ ఉచితం. ఊళ్ళల్లో చాలా రోడ్ల మీద గంటకి 20 మైళ్ళు దాటకూడదు, కెమెరాలుంటాయి. రేపు పౌరసత్వానికి అప్లై చేసేటప్పుడు ఇంగ్లిష్ వచ్చి ఉండాలంటారు కదా, ఆ చట్టంలో ఇంగ్లిష్ పక్కన వెల్ష్ కూడా ఉంది.

ఇక బడి. మా పిల్లలిద్దరినీ కార్డిఫ్‌లో వెల్ష్ మీడియంలోనే చదివించాం. ఇక్కడ ఇంగ్లిష్ బడులు కావలసినన్ని ఉన్నాయి, అయినా ఏరికోరి వేశాం. ఇంగ్లిష్ గురించి బెంగ పెట్టుకోకు. వీధి, టీవీ, బస్సు, ఫోను అన్నీ దాన్నే నేర్పుతాయి. పదహారేళ్ళప్పుడు రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో ఇంగ్లిష్ పేపరు మా పిల్లలూ అందరిలాగే రాశారు. ఈ బడులు ఎవరో దయతలచి ఇచ్చినవి కావని మాత్రం తెలుసుకో. 1939లో అబెరిస్ట్విత్‌లో ఏడుగురు పిల్లలతో ఒక ప్రైవేటు బడి మొదలైంది. కౌన్సిల్ నడిపే వెల్ష్ ప్రైమరీ 1947లో లనెల్లిలో వచ్చింది. హైస్కూలు రావడానికి 1956 దాకా పట్టింది. ప్రతి చోటా తల్లిదండ్రులే సంతకాలు సేకరించి, కౌన్సిలర్ల వెంటపడి సాధించుకున్నారు.

కార్నార్వన్_అమ్మ:

పాతకాపు గారు నిబంధనలు చెప్పారు, బాగుంది. నిబంధన ఉన్నంత మాత్రాన ఇంటివాడు పాటిస్తాడనుకోకు తమ్ముడూ. మాకు జరిగింది చెప్తాను విను.

కార్నార్వన్‌కి మారకముందు మేం లీన్ ద్వీపకల్పంలో సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇంటివాడు ఉండేది వేరే ఊళ్ళో, వ్యవహారమంతా ఒక ఏజెన్సీ చూసేది. వేసవి ముందు ఏజెన్సీ నుంచి కాగితం వచ్చింది, రెండు నెలల్లో ఖాళీ చేయమని. కారణం కూడా దాచలేదు. వేసవిలో టూరిస్టులకి వారాల లెక్కన ఇస్తే మేం నెలకిచ్చేది వాళ్ళకి వారంలోనే వస్తుందట. అప్పుడే పాప బడిలో కుదురుకుంది. మా ఆయన ఫోన్ చేస్తే ఏజెన్సీ అమ్మాయి "ఇంటివాడి ఇష్టం" అంటుంది, అంతే.

పక్కింటి పెద్దావిడ కాగితం తీసుకు రమ్మంది. వంటింటి బల్ల మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదివింది. ఆ తర్వాత మా ఒప్పందం అడిగింది. 2022 డిసెంబరు 1 నుంచి వేల్స్‌లో కొత్త అద్దె చట్టం వచ్చింది. మాలాంటి ఒప్పందానికి మన తప్పేమీ లేకుండా ఖాళీ చేయించాలంటే ఆరు నెలల నోటీసు ఇవ్వాలి, చేరిన మొదటి ఆరు నెలల్లో ఆ నోటీసే ఇవ్వకూడదు. ఆవిడే కూర్చుని జవాబు రాయించింది. ఏజెన్సీ వాళ్ళు ఆ నోటీసు వెనక్కి తీసుకుని, మళ్ళీ సరైనది పంపారు. ఆ వ్యవధిలో మేం కార్నార్వన్‌లో ఇల్లు చూసుకోగలిగాం. వెళ్ళేటప్పుడు అవెన్ మురికిగా ఉందని డిపాజిట్‌లో కోత పెట్టబోయారు. చేరిన రోజే తీసి పెట్టుకున్న ఫోటోలు స్కీము వాళ్ళకి పంపితే మొత్తం తిరిగొచ్చింది. కాబట్టి తాళం తీసిన గంటలోనే గోడలూ, పొయ్యీ, బాత్‌రూమూ అన్నీ ఫోటో తీయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ పెద్దావిడ కొడుకు ఆ ఊళ్ళోనే పుట్టి, అక్కడే ప్లంబరు పని చేస్తూ, ఇల్లు కొనే స్తోమత లేక కారవాన్‌లో ఉంటున్నాడు. చలికాలం సాయంత్రం ఆ వీధిలో దీపం వెలిగే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇళ్ళన్నీ సెలవుల ఇళ్ళయితే బడికి పిల్లలెక్కడి నుంచి వస్తారు? అందుకే ఇవాళ భాషా ఉద్యమం అంటే సగం ఇళ్ళ ఉద్యమమే. "వేల్స్ అమ్మకానికి లేదు" అని ఊరేగింపులు జరుగుతున్నాయి, నేనూ ఆవిడతో వెళ్ళాను. 2023 ఏప్రిల్ నుంచి గ్వినెద్ కౌన్సిల్ రెండో ఇంటి మీద మామూలు పన్నుకి అదనంగా ఇంకో 150 శాతం వేస్తోంది. నన్నడిగితే అది సరైన పనే.

లనెల్లి_డాక్టరు:

నేను రిటైరైన జీపీని, అంటే స్థానిక క్లినిక్ డాక్టర్ని. చిరంజీవి ఇంటి మాట, బడి మాట అడిగాడు, అందరూ చెప్తున్నారు. నేను భార్య ఉద్యోగం గురించి చెప్తాను. నా దగ్గరికి వచ్చిన గని కార్మికుల్లో చాలామంది ఊపిరితిత్తులు పాడై, ఇంగ్లిష్‌లో "ఫైన్" అనేవాళ్ళు. నేను వచ్చీరాని వెల్ష్‌లో అడిగితే అప్పుడు బయటపడేది, రాత్రి పడుకోలేకపోతున్నామని. మతిమరుపు జబ్బు వచ్చిన వాళ్ళయితే తర్వాత నేర్చిన భాష పోయి, అమ్మ దగ్గర నేర్చింది మిగులుతుంది. గ్వినెద్‌లో 2021 లెక్కల ప్రకారం 64 శాతం మందికి వెల్ష్ వచ్చు. మీ ఆవిడ వార్డులో పలకరింపులు, నొప్పి ఎక్కడ, మంచినీళ్ళు కావాలా అనేంత వరకు నేర్చుకుంటే చాలు, ఆ రోగులు కడుపులో పెట్టుకుని చూసుకుంటారు. నారింజ రంగు బ్యాడ్జి పెట్టుకున్న సిబ్బంది వెల్ష్ మాట్లాడతారని గుర్తు, వాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోమను.

ఇంకో మాట. మా ఊరి పక్కనే లంగెన్నెఖ్ అనే పల్లె ఉంది. అక్కడ బీస్లీ దంపతులు, ట్రెవోర్, ఐలీన్. ఆయన గని కార్మికుడు. 1952లో ఇంటి పన్ను బిల్లు వెల్ష్‌లో ఇస్తేనే కడతామన్నారు. ఊళ్ళో దాదాపు అందరూ వెల్ష్ వాళ్ళే, ఆ కౌన్సిలర్ల భాషా వెల్షే, కానీ బిల్లు మాత్రం ఇంగ్లిష్‌లో! కోర్టుకి 16 సార్లు పిలిచారు. జప్తు వాళ్ళు వచ్చి కుర్చీలూ బల్లలూ, చివరికి పియానో కూడా పట్టుకుపోయారు. చిన్నపిల్లలున్న ఇల్లు అది. ఎనిమిదేళ్ళ తర్వాత, 1960లో రెండు భాషల్లో బిల్లు వచ్చింది. ఇవాళ నీకు కౌన్సిల్ నుంచి వచ్చే ప్రతి కాగితం రెండు భాషల్లో ఉంటుంది. దాని వెనక వాళ్ళున్నారు.

బొగ్గు కోసం ఇంగ్లండ్ నుంచి జనం వచ్చిపడటం వల్లే భాష పోయింది, ఈ లోయల్లో అందరికీ తెలిసిన సంగతే ఇది.

అబెరిస్ట్విత్_పరిశోధన:

డాక్టర్ గారూ, బీస్లీల గురించి చెప్పినందుకు చాలా సంతోషం. బొగ్గు మాట మాత్రం నేను ఒప్పుకోలేను. పొలాలు గిట్టుబాటుకాని వెల్ష్ కుటుంబాలు అమెరికా ఓడ ఎక్కకుండా సొంత దేశంలోనే ఉండటానికి ఆ గనులే కారణమని వాదించే చరిత్రకారులున్నారు. 1911లో వెల్ష్ మాట్లాడేవాళ్ళు 9,77,366 మంది. జనాభాలో వాటా అప్పటికే 43.5 శాతానికి దిగినా, తల లెక్కన అంతమంది అంతకుముందూ లేరు, తర్వాతా లేరు. దెబ్బ కొట్టింది ఆ తర్వాతి ఆర్థిక మాంద్యం. 1920, 30లలో గనులు మూతపడి లక్షల మంది ఊళ్ళు వదిలారు.

అసలు దెబ్బ అంతకన్నా పాతది. ఎనిమిదో హెన్రీ 1536లో చేసిన చట్టంతో కోర్టుల్లో ఇంగ్లిషే నడవాలి, వెల్ష్ మాత్రమే వచ్చినవాడు పదవికి పనికిరాడు. భాష బతికిందంటే 1588లో విలియం మోర్గాన్ చేసిన బైబిలు అనువాదం, దాన్ని చదివించిన చాపెళ్ళ (చిన్న ప్రార్థనా మందిరాల) పుణ్యం. 1847లో వెల్ష్ రాని ముగ్గురు ఇంగ్లిష్ కమిషనర్లు బడుల మీద రిపోర్టు రాసి, ఈ జనం వెనకబాటుకీ, నీతి లేకపోవడానికీ వాళ్ళ భాషే కారణమన్నారు. ఆ రిపోర్టు అట్టలు నీలం కాబట్టి దాన్ని ఇప్పటికీ నీలి పుస్తకాల ద్రోహం అంటారు. బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో ఒక చెక్క ముక్క వేసేవాళ్ళు, దాన్ని 'వెల్ష్ నాట్' అంటారు. వాడు ఇంకొకడు మాట్లాడుతుంటే పట్టించి దాన్ని వాడికి అంటగట్టాలి. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి బెత్తం దెబ్బలు. ఇది పార్లమెంటు చేసిన చట్టం కాదు. టీచర్లు పెట్టారు, చాలా చోట్ల తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, పిల్లలు బాగుపడాలని. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే ప్రైవేటు స్కూళ్ళకి ఫీజు కట్టి మరీ పంపిన మనకి ఇది కొత్తగా వినిపించదు.

కార్డిఫ్_పాతకాపు:

అమ్మాయ్, చరిత్ర బాగా చెప్పావు. గెలిచేశామన్నట్టు మాట్లాడితే మాత్రం నాకు కోపం వస్తుంది. వెల్ష్ వచ్చినవాళ్ళు 2011లో 19 శాతం, 2021లో 17.8 శాతం, అంటే 5,38,300 మంది. పిల్లల్లోనే ఎక్కువ తగ్గింది. 2050కి పది లక్షల మంది వెల్ష్ మాట్లాడాలని వేల్స్ ప్రభుత్వం 2017లో లక్ష్యం పెట్టుకుంది. టీచర్లు లేకుండా పది లక్షలు ఎలా?

అబెరిస్ట్విత్_పరిశోధన:

గెలిచామని నేను అనలేదు అంకుల్. 1962లో రేడియో ప్రసంగంలో రచయిత సాండర్స్ లూయిస్, ఇలాగే సాగితే ఇరవై ఒకటో శతాబ్దం మొదలయ్యేసరికి వెల్ష్ బతికున్న భాషగా ఉండదన్నాడు. ఉంది కదా! ఆ ప్రసంగం తర్వాతే వెల్ష్ భాషా సంఘం పుట్టింది. 1963 ఫిబ్రవరి 2న వాళ్ళు మా ఊళ్ళోనే ట్రెవెఖన్ వంతెన మీద మంచులో బైఠాయించారు, కోర్టు సమన్లు వెల్ష్‌లో ఇవ్వాలని. ఆ తర్వాత ఇంగ్లిష్ రోడ్డు బోర్డులకి ఆకుపచ్చ రంగు పూశారు, పీకి పడేశారు, జైళ్ళకి వెళ్ళారు. 1967లో ఒక చట్టం, 1993లో ఇంకోటి, 2011లో అధికార భాష హోదా. ఏదీ ఊరికే రాలేదు.

లనెల్లి_డాక్టరు:

టీవీ మర్చిపోయావమ్మా. 1979 ఎన్నికల్లో థాచర్ పార్టీ వెల్ష్ ఛానల్ ఇస్తామని చెప్పి, గెలిచాక మాట తప్పింది. జనం టీవీ చూడటానికి కట్టే లైసెన్సు ఫీజు కట్టడం మానేశారు. గ్విన్‌వోర్ ఎవాన్స్, వేల్స్ జాతీయ పార్టీ ప్లైడ్ కమ్రి నాయకుడు, 1980 అక్టోబరు 6 నుంచి ఆమరణ దీక్షకి కూర్చుంటానన్నాడు. సెప్టెంబరు 17న ప్రభుత్వం దిగొచ్చింది. 1982 నవంబరు 1న ఆ వెల్ష్ ఛానల్, ఎస్‌ఫోర్‌సి, మొదలైంది. ఆ వార్త విన్నప్పుడల్లా నాకు పొట్టి శ్రీరాములు గారే గుర్తొస్తారు. బీస్లీలు పన్ను ఆపిన 1952లోనే మద్రాసులో ఆయన 58 రోజులు దీక్ష చేసి ప్రాణం వదిలారు. థాచర్ దీక్ష మొదలవకముందే తగ్గింది. మన వాళ్ళు ఆయన పోయిన తర్వాత గానీ రాష్ట్రం ప్రకటించలేదు.

కార్డిఫ్_పాతకాపు:

డాక్టర్ గారూ, ఆయన అడిగింది రాష్ట్రం, ఈయన అడిగింది ఛానల్. రెండూ ఒకటి కావు.

లనెల్లి_డాక్టరు:

రెండింటి కిందా ఉన్నది భాషే కదండీ. ఇంతకన్నా నేను వాదించను.

బాంగోర్‌కి_కొత్త:

అందరికీ చాలా థాంక్స్ అండి. చెస్టర్ మానేశాం. పాప సంగతే ఇంకా అర్థం కాలేదు. వెళ్ళీ వెళ్ళగానే క్లాసులో ఏమీ తెలియకుండా కూర్చోవాలా?

కార్నార్వన్_అమ్మ:

అయ్యో, అసలు నువ్వడిగింది ఇదే కదా తమ్ముడూ, మేమంతా ఎక్కడికో వెళ్ళిపోయాం. గ్వినెద్‌లో కొత్తగా వచ్చిన పిల్లల కోసం విడిగా భాషా కేంద్రాలున్నాయి. చిన్న క్లాసు, పూర్తిగా వెల్ష్‌లోనే ఆటలు, పాటలు, మాటలు. కొన్ని వారాలు అక్కడ ఉండి మళ్ళీ సొంత బడికి వస్తారు. మా పాప కూడా అలాగే నేర్చుకుంది. మొదట్లో ఇంటికొచ్చి మూతి ముడుచుకునేది. తర్వాత పక్కింటి పెద్దావిడతో మాట్లాడి, ఆవిడేమందో నాకు తెలుగులో చెప్పేది. బాబుకి ఆ కేంద్రం కూడా అక్కర్లేదు, నాలుగేళ్ళ వాడు నేరుగా క్లాసులోనే పట్టేస్తాడు. ఇంట్లో మాత్రం తెలుగు ఆపకండి, బడి వాళ్ళు కూడా అదే చెప్తారు.

బడి అడ్మిషన్ ఫారంలో ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని రాయి, భాషా కేంద్రంలో చోటు గురించి ఆ ఫారంతో పాటే అడుగు. సీట్లు తక్కువ, ఆలస్యం చేస్తే తర్వాతి టర్ముకి నెడతారు. అద్దె ఒప్పందం చేతికొచ్చాక సంతకం పెట్టకముందు నాకు పంపు. నోటీసు నిబంధన ఎలా రాశారో చూసి చెప్తాను.