చివరి శనివారం ఏ సినిమా వేయాలి: దాసియా, అహ నా పెళ్ళంటనా?

రెండో ఆట (చర్చ ప్రారంభం)

మా కాలనీ గ్రంథాలయ సంఘం ప్రతి వేసవిలో నాలుగు శనివారాలు మేడ మీద తెర కట్టి నాలుగు తెలుగు సినిమాలు వేస్తుంది. ఈ ఏడాది ఆ వరుసకు ‘తప్పక చూడవలసిన చిత్రాలు’ అని పేరు పెట్టాము. 1957 నాటి మాయాబజార్, 1980లో వచ్చిన శంకరాభరణం, 2023లో వచ్చిన బలగం విషయంలో ఎవరికీ పేచీ రాలేదు. నాలుగో సినిమా దగ్గర సంఘం రెండుగా చీలింది. బి. నర్సింగరావు గారి దాసి (1988) వేయాలని నేను ప్రతిపాదించాను. సగం మంది సభ్యులు జంధ్యాల గారి అహ నా పెళ్ళంట (1987) కావాలంటున్నారు.

నా వాదన దాచుకోకుండా చెబుతాను. దాసిలో దొరసానితో పాటు అరణంగా (పుట్టింటివాళ్ళు ఇచ్చే కట్నంగా) గడికి, అంటే దొర కోటలాంటి ఇంటికి, వచ్చిన కమలాక్షి అనే ఆడపిల్ల నోరు తెరిచి మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆమె నీళ్ళు మోస్తుంది, కాళ్ళు పిసుకుతుంది, పిలిచినప్పుడు దొర గదిలోకి వెళుతుంది. కడుపు వస్తే, దాన్ని ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఆమెది కాకుండా పోతుంది. ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు నటన, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తుల రూపకల్పన విభాగాల్లో కూడా జాతీయ పురస్కారాలు రావడం ఊరికే జరగలేదు. నవ్వించడం తేలిక అని నేను అనడం లేదు. అయితే నవ్వు పని హాల్లోనే ముగిసిపోతుంది, దుఃఖం మాత్రం మన వెంట ఇంటికి వస్తుంది. ‘తప్పక చూడవలసిన’ అన్న మాటకు అర్హత అక్కడే ఉందని నా నమ్మకం. పెద్దల అభిప్రాయాలు కోరుతున్నాను.

నేల టికెట్టు

రెండో ఆట గారూ, మీ జాబితాలో మొదటి పేరునే మీరు సరిగా చూసుకోలేదనిపిస్తోంది. మాయాబజార్ మీద పేచీ ఎందుకు రాలేదు? అది పౌరాణికం అన్న ముసుగులో లోపలికి వచ్చేసింది కాబట్టి రాలేదు. ముసుగు తీస్తే అది ఆద్యంతం హాస్య చిత్రం. భారతకథను తీసుకుని, పాండవులను ఒక్కసారి కూడా తెర మీదికి రానివ్వకుండా, యుద్ధం ఊసు లేకుండా, ఒక పెళ్ళింటి అల్లరితో కౌరవులను ఓడించారు కె.వి. రెడ్డి గారు, పింగళి నాగేంద్రరావు గారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి గారు ఒయ్యారం మధ్యలో హఠాత్తుగా మగరాయుడిలా విరుచుకునే ఆ పాట గుర్తు చేసుకోండి. మీరు వద్దంటున్న సినిమా పేరు ఆ పాటలోదే. తల్లిని ముందు వరుసలో కూర్చోబెట్టి బిడ్డను గుమ్మం దగ్గర ఆపడం ఏమి న్యాయం?

అసలు కరుణానికి పెద్దపీట, హాస్యానికి మడత కుర్చీ అన్న పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు కానీ, నాట్యశాస్త్రం రాసిన భరతుడి నుంచి మాత్రం రాలేదు. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాల్లో శృంగారం తరువాత లెక్కించింది హాస్యాన్నే. స్మితం మొదలుకొని అతిహసితం దాకా దానికి ఆరు భేదాలు చెప్పి, ఏ తరగతి మనిషి ఎలా నవ్వుతాడో కూడా అక్కడ వివరించారు. ఉన్నది ఒక్కటే రసం, అది కరుణమే అన్న మాట భవభూతి ఉత్తరరామచరితంలో తరువాతి కాలంలో వచ్చింది. మన పురస్కార సంఘాలన్నీ భవభూతి శిష్యులే అయినట్టున్నాయి. 1964లో మొదలైన నంది పురస్కారాల్లో ఉత్తమ నటుడు వేరు, ఉత్తమ హాస్యనటుడు వేరు అని విభాగాలు పెట్టడం గౌరవంగానే కనిపిస్తుంది కానీ, అందులో వేరే పంక్తి వేసి వడ్డించే మర్యాద కూడా ఉంది. 2023లో రంగమార్తాండ వచ్చినప్పుడు బ్రహ్మానందం గారు ఎంత గొప్ప నటుడో ఇప్పుడు తెలిసిందని చాలామంది రాశారు. అంతకుముందు మూడున్నర దశాబ్దాలు ఆయన చేసినది ఏమిటట?

మరొక్క మాట. మీరు ఏ పేచీ లేకుండా ఒప్పుకున్న శంకరాభరణానికి మాటలు రాసినది జంధ్యాల గారే. సాగర సంగమానికి రాసినదీ ఆయనే. శంకరశాస్త్రి నోట నిలిచిన మాట, అహ నా పెళ్ళంటలో పిసినారి లక్ష్మీపతి నోట పేలిన మాట ఒకే కలం నుంచి వచ్చాయి. ఆ కలం మొదటి చోట కళాకారుడిది, రెండో చోట కాలక్షేపానిది ఎలా అవుతుంది?

గోదావరి గట్టు

జంధ్యాల గారిది మా జిల్లాయే (ఆయన నరసాపురంలో పుట్టారు), కాబట్టి నన్ను ఆయన వ్యతిరేకుల్లో కలపవద్దని ముందే మనవి చేసుకుంటున్నాను. అయినా రెండో ఆట గారి పక్షాన ఒక మాట చెప్పక తప్పదు. దుఃఖం కంటే నవ్వు తొందరగా ముసలిదవుతుంది. పాత సినిమాల్లో నత్తి మీద, నల్లరంగు మీద, లావు మీద, పెళ్ళాన్ని కొట్టడం మీద పుట్టించిన నవ్వులకు ఇప్పుడు పిల్లల మధ్య కూర్చుని నవ్వలేకపోతున్నాం. ఆ దృశ్యం వస్తే రిమోట్ కోసం వెతుక్కుంటున్నాం. మా మనవరాలు మొన్న ఒక పాత హాస్య సన్నివేశం చూస్తూ, ‘తాతయ్యా, ఆయన ఏడుస్తుంటే మీరెందుకు నవ్వుతున్నారు?’ అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

అహ నా పెళ్ళంటలో కూడా అరగుండు అనే పనివాడి పాత్ర ఉంది. బ్రహ్మానందం గారికి గుర్తింపు తెచ్చిన పాత్ర అదే. పిసినారి యజమాని దగ్గర చిక్కుకుపోయి, తిండికి మాడుతూ, మనసులోనే కసి తీర్చుకునే మనిషి అతడు. సరిగ్గా చూస్తే అక్కడ ఒక యజమాని, అతడి చేతిలో నలిగే ఒక సేవకుడు ఉన్నారు. దాసిలోనూ ఉన్నది అదే సంబంధం. ఒక చోట దానికి మన గొంతు పట్టేస్తుంది, రెండో చోట పొట్ట చెక్కలవుతుంది. నౌకరు ఆకలి మనకు నవ్వులాట అయిన సినిమాను, నౌకరు మౌనాన్ని మనకు వినిపించిన సినిమాతో సమానం చేయడానికి నాకు మనసొప్పడం లేదు.

నేల టికెట్టు

గోదావరి గట్టు గారూ, ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన బలమైన ఆక్షేపణ ఇదే. వెంటనే జవాబు రాయలేక ఒక రోజు ఆగాను.

ఆ రెండు ఇళ్ళనూ పక్కపక్కన పెట్టినందుకు కృతజ్ఞుణ్ణి, ఎందుకంటే తేడా అక్కడే తెలుస్తుంది. గడిలో దొర తింటాడు, దాసి చూస్తూ నిలబడుతుంది. లక్ష్మీపతి ఇంట్లో దొరకూ తిండి లేదు. కోడిని తాడుకు వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం ముద్దలు మింగే కోట శ్రీనివాసరావు గారి ముఖాన్ని గుర్తు చేసుకోండి. ఆ ముఖంలో ఉన్నది బాధ కాదు, తృప్తి. ఖర్చు లేకుండా కోడికూర తిన్నానన్న నిజమైన, నిండైన తృప్తి! ఆయన అక్కడ ఒక్క క్షణం ‘నేను హాస్యం చేస్తున్నాను సుమా’ అన్నట్టు కన్ను గీటి ఉంటే ఆ దృశ్యం చచ్చిపోయేది. రెండేళ్ళ ముందు, 1985లో, ప్రతిఘటనలో అదే ముఖం చూసి జనం జడుసుకున్నారు. డబ్బే ప్రాణమైనవాడు తన నోటిని తానే ఎలా కట్టుకుంటాడో చెప్పడానికి ఒక ఉపన్యాసం పట్టేది. జంధ్యాల గారికి ఒక తాడు, ఒక కోడి సరిపోయాయి. ఆ నవ్వు పనివాడి మీదికి పోవడం లేదు, యజమాని మీదికి పోతోంది. అరగుండు లోలోపల తిట్టుకునేటప్పుడు హాలంతా అతడి పక్షాన ఉంటుంది.

మీరు చెప్పిన నత్తి, రంగు, లావు నవ్వులను నేనూ సమర్థించను. అయితే అవి చెడిపోయినది హాస్యమైనందుకు కాదు, బలహీనుడి మీద గురిపెట్టినందుకు. ఏడుపు సినిమాలు మాత్రం ముసలివి కాలేదా? భర్త కాళ్ళ దగ్గర ప్రాణం విడిచే ఇల్లాలిని చూసి మన అమ్మమ్మలు ఏడ్చారు, మన అమ్మాయిలు లేచి వెళ్ళిపోతున్నారు. వయొలిన్లు ముందుగానే ఏడ్చి మనల్ని ఏడవమనే దృశ్యాలెన్నో ఇప్పుడు అనుకోని హాస్య సన్నివేశాలుగా మిగిలాయి.

అట్లాంటా అత్తయ్య

పురస్కారాల ప్రస్తావన వచ్చింది కాబట్టి చిన్న సంగతి. 1987లోనే సింగీతం శ్రీనివాసరావు గారి పుష్పక విమానం కూడా వచ్చింది. వినోదాన్ని అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా దానికి జాతీయ పురస్కారం దక్కింది. అందులో మాటలే లేవు. మాటల మీద ఆధారపడిన తెలుగు హాస్యం భాష రాని న్యాయనిర్ణేతకు సగమే అందుతుంది, కన్నీటికి మాత్రం ఉపశీర్షికలు అంతగా అక్కరలేదు. ఇక్కడ పుట్టిన మా పిల్లలతో కూర్చుని చూసినప్పుడల్లా నాకు ఎదురయ్యేది ఇదే: వేలాడే కోడికి విరగబడి నవ్వుతారు, పక్కనే ఉన్న మాటల విరుపు దగ్గర నా ముఖం వైపు చూస్తారు.

సిరిసిల్ల సాంచె

మీరందరూ ‘పేచీ లేదు’ అని పక్కన పెట్టేసిన బలగం గురించి నేను మాట్లాడతాను, ఎందుకంటే మీ తగవు తీర్చే సినిమా అదేనని నాకు అనిపిస్తోంది. ఆ సినిమా మా ప్రాంతంలోనే తీశారు. దర్శకుడు వేణు యెల్దండి గారు అంతకుముందు వరకు అందరికీ హాస్యనటుడిగానే తెలుసు. చావు ఇల్లు కథావస్తువు. తాత కొమురయ్య పోయిన రోజే మనవడు సాయిలు తన అప్పుల గురించి, చెడిపోతున్న పెళ్ళి గురించి బెంగపడతాడు. అది చూసి మనం నవ్వుతాం, నవ్వినందుకు కొంచెం సిగ్గుపడతాం. పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. ఎందుకు ముట్టదో వెతుక్కుంటూ పోతే, ఏళ్ళనాడు విందులో అల్లుడికి నల్లి బొక్క (మాంసంలోని మూలుగ ఎముక) వేయలేదన్న అలక దగ్గరికి కథ చేరుతుంది.

నల్లి బొక్క అన్న మాట వినగానే మా ఊరి చావడి ముందు కూర్చున్న జనం గొల్లున నవ్వారు. ఆ వేసవిలో తెలంగాణలో చాలా ఊళ్ళలో జరిగినట్టే మా ఊళ్ళోనూ బహిరంగంగా తెర కట్టి ఆ సినిమా వేశారు. గోనెసంచులు పరుచుకుని కూర్చున్నాం. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి అందరికంటే ఎక్కువగా నవ్వాడు. ఆయనకు తమ్ముడితో పన్నెండేళ్ళుగా మాటల్లేవని ఊరందరికీ తెలుసు. గట్టు దగ్గర మూరెడు జాగా కోసం వచ్చిన తగాదా అది. చివర్లో బుడగ జంగాల దంపతులు కొమురయ్య కథను పాటగా అందుకునేసరికి ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మొదట నవ్వు రాకపోయి ఉంటే ఆయనకు ఆ ఏడుపు వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. అలక ఎంత చిన్న విషయం మీద పుట్టిందో నవ్వే చూపించింది. అంత చిన్నదాని కోసం ఎంత పోగొట్టుకున్నామో ఆ తరువాత పాట చూపించింది. పాట ఒక్కటే ఉంటే అది మరొకరి ఇంటి చావుగానే మిగిలేది.

కాబట్టి నాది రెండో ఆట గారు మొదట రాసిన మాటతోనే తగవు. నవ్వు హాల్లోనే అయిపోతుందని వారు రాశారు. మా ఊళ్ళో మాత్రం నల్లి బొక్క ఇప్పటికీ అయిపోలేదు. అన్నదమ్ములు గొంతు పెంచితే చాలు, ఎవరో ఒకరు ఆ మాట అంటారు, ఇద్దరిలో ఒకరైనా తగ్గుతారు.

రెండో ఆట

సిరిసిల్ల సాంచె గారికి నమస్కారం. నవ్వు గురించి నేను రాసిన ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నేల టికెట్టు గారి కోడి వివరణ కూడా నాకు నచ్చింది, ఒప్పుకోవడానికి మొహమాటం లేదు.

అయినా నా ఓటు మారలేదు, కారణం మాత్రం మారింది. అహ నా పెళ్ళంట టీవీలో వస్తూనే ఉంటుంది. కోడి దృశ్యం తెలియని తెలుగువాడు ఉన్నాడా? దాసి ఏ ఛానల్లోనూ రాదు, దాన్ని చూసినవాళ్ళు మా కాలనీలో నేను కాక మరొకరు లేరు. ఊరంతా తిన్న వంటకాన్నే మళ్ళీ వడ్డించడం కంటే, ఎవరికీ దొరకనిదాన్ని వెతికి తెచ్చి చూపించడమే సంఘం చేయవలసిన పని కాదా?

నేల టికెట్టు

ఊరంతా తిన్నారనే మీ మాట మీదనే నాకు అనుమానం. కోడి దృశ్యం అందరికీ తెలుసు, సరే. ఆ సినిమాలో లక్ష్మీపతి కూతురి కోసం కథానాయకుడు అతడిని మించిన పిసినారిగా నటించవలసి వస్తుంది. ఆ నటన అతడితో ఏమేమి చేయిస్తుందో, ఏ దృశ్యం తరువాత ఏ దృశ్యం వస్తుందో, అరగుండు మొదటిసారి ఎక్కడ కనిపిస్తాడో మీ సంఘంలో ఎంతమంది చెప్పగలరు? హాస్య చిత్రాలకు ఈ కాలంలో పట్టిన గతి ఇది. వాటిని రెండేసి నిమిషాల ముక్కలుగా కోసి ఫోన్లలో పంచుకున్నారు. ముక్క చూసినవాడు సినిమా చూశాననుకుంటాడు. దాసిని చూడనివాడికి చూడలేదని కనీసం తెలుసు. ఒక ప్రశ్న అడుగుతాను, కోపగించుకోవద్దు. అహ నా పెళ్ళంటను మీరు పేర్లు పడే చోటు నుంచి శుభం దాకా ఒకే బిగిన ఎప్పుడు చూశారు?

రెండో ఆట

కోపం లేదు. నిన్న రాత్రంతా ఆలోచించాను. సినిమా వచ్చిన ఏడాది నాకు పరీక్షలు, నాన్నగారు వెళ్ళనివ్వలేదు. తరువాత టీవీలో, పెళ్ళిళ్ళకు వెళ్ళిన బస్సుల్లో, ఈ మధ్య మా అబ్బాయి ఫోన్లో, ఏదో ఒక ముక్క చూస్తూనే ఉన్నాను. మొత్తం మీద ఒక్కసారి కూడా చూడలేదు. చూడని సినిమాకు వ్యతిరేకంగా పది రోజులుగా వాదిస్తున్నానన్నమాట.

సంఘం సమావేశం ఆదివారం సాయంత్రం. ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మొదటి నుంచి చూస్తాను. దాసి ప్రతిపాదన ఇంకా నా జేబులోనే ఉంది. ఓటు ఎటు వేసేదీ సినిమా అయ్యాక ఇక్కడే రాస్తాను.