అబ్రాహాము విశ్వాసం, యాకోబు పత్రిక, నేను బాకీపడిన పత్తి కూలి

ప్రశ్న (దేవరకొండ దగ్గరి పల్లె నుంచి)

అందరికీ వందనాలు. మా గృహకూడికలో బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక నాలుగవ అధ్యాయం చదువుతున్నప్పుడు ఒక పెద్దాయన నన్ను అడిగారు: అబ్రాహాము దేవుని నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అని పౌలు చెబుతుండగా, అదే అబ్రాహామును చూపి యాకోబు తన పత్రికలో, మనిషి విశ్వాసం వలన మాత్రమే కాక క్రియల వలన కూడా నీతిమంతుడుగా ఎంచబడతాడని ఎందుకు రాశాడు? నాకు జవాబు తోచలేదు. ఈ ప్రశ్న నన్ను వదలకపోవడానికి వేరే కారణం కూడా ఉంది. ఈ ఏడు పత్తి ఏరిన ఎనిమిది మందికి మూడు వారాలుగా కూలి బాకీ ఉన్నాను, పంట అమ్మిన సొమ్ము ఇంకా చేతికి రాలేదు. వారిలో ఇద్దరు అదే కూడికలో నాకు ఎదురుగా కూర్చుంటారు. మొదటి తరాల విశ్వాసులు ఈ రెండు మాటలను ఎలా కలుపుకొని బ్రతికారో దయచేసి చెప్పండి.

జవాబు 1 (మహబూబ్‌నగర్)

అన్నగారూ, ఇద్దరూ అబ్రాహామునే చూపినా అతని జీవితంలో వేర్వేరు ఘట్టాలపై నిలబడి మాట్లాడుతున్నారు. పౌలు ఆధారం ఆదికాండం 15వ అధ్యాయం. సున్నతి ఆజ్ఞ వచ్చింది 17లో. కాబట్టి సున్నతికి ముందే అబ్రాహాము నీతిమంతుడుగా ఎంచబడ్డాడని, అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసులపై ఆ కాడి మోపకూడదని పౌలు వాదన. యాకోబు అదే ఆదికాండం 22వ అధ్యాయానికి, అంటే అబ్రాహాము తన కుమారుడు ఇస్సాకును బలిపీఠంపై ఉంచిన రోజుకు వెళ్లి, ముందు చెప్పిన మాట అక్కడ నెరవేరిందని అంటాడు. యాకోబు ఎదుట ఉన్నవారు సున్నతి గురించి వాదించేవారు కారు; బట్టలూ తిండీ లేని సహోదరునికి ఏమీ ఇవ్వకుండా, సమాధానంగా వెళ్లి చలి కాచుకోమని చెప్పి పంపేవారు.

క్రీ.శ. 96 ప్రాంతంలో రోమా సంఘం నుంచి కొరింథుకు వెళ్లిన క్లెమెంతు పత్రికను చూస్తే, ఆ కాలంవారికి ఇది రెండు పక్షాల తగవుగా తోచలేదని నాకు అనిపిస్తుంది. 30వ అధ్యాయంలో మాటల వలన కాక క్రియల వలన నీతిమంతులం కావాలని ఉంది. 32లో మన జ్ఞానం, భక్తి, క్రియల వలన కాక విశ్వాసం వలననే నీతిమంతులమవుతామని ఉంది. ఆ వెంటనే, అయితే మేలు చేయడం మానేద్దామా అని అడిగి కూడదంటాడు.

జవాబు 2 (మిర్యాలగూడ)

ఒక్క మాట కలుపుతాను. విశ్వాసం అని మనం చదివే చోట గ్రీకులో ఉన్న ‘పిస్తిస్’కు నమ్మడం, నమ్మకంగా ఉండడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. నమ్మినవాడినీ నమ్మకస్తుడినీ ఒకే మాట నుంచి పుట్టించుకున్న తెలుగువారికి ఇది కష్టమైన సంగతి కాదు.

జవాబు 3 (నారాయణపేట వైపు నుంచి)

అన్నా, మా అమ్మానాన్నలు గుంపు మేస్త్రీ వెంట వలస వెళ్లి, నెలల తరబడి కూలి కోసం ఎదురుచూసినవారు, అందుకే నేను సిద్ధాంతం పక్కన పెట్టి మీ బాకీ గురించే రాస్తున్నాను. చేలు కోసినవారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతున్నదని యాకోబు అయిదవ అధ్యాయంలో ఉంది. మీరు మోసంతో బిగపట్టలేదని నాకు అర్థమైంది; అయినా పేదవాడి కూలి ఆ రోజు సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24లో చెప్పినప్పుడు, యజమానికి పంట సొమ్ము వచ్చిందా లేదా అన్న షరతు అక్కడ లేదు, ఎందుకంటే ఆ కూలి మీదనే అతడు ఆశ పెట్టుకొని ఉంటాడు. తొలి సంఘాలు వాడుకున్న ‘దిదాఖే’ అనే బోధలో, తోటివానితో తగవు ఉన్నవాడు సమాధానపడేవరకు ప్రభువు దినాన రొట్టె విరిచేచోట కలవకూడదని కూడా ఉంది. ఎదురుగా కూర్చునే ఇద్దరు మీకు గుర్తున్నారు. కూడికకు రాని ఆ ఆరుగురిని కూడా గుర్తు చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇంట్లో రెండు మేకలు ఉన్నాయి, వాటిని ఈ వారం సంతలో అమ్ముతున్నాను. ఆ డబ్బు అందరికీ సరిపోదు కాబట్టి పక్క ఊరి నుంచి వచ్చిన ఆ ఆరుగురికి ముందు ఇస్తాను, మిగతా ఇద్దరి ఇళ్లకు ఈ రాత్రే వెళ్లి గడువు అడుగుతాను. పెద్దాయనకు ఆదికాండం 15, 22 చదివి వినిపిస్తాను.