హైడ్రోపోనిక్స్‌కి ఎక్కువ రోజులు మన్నే డబ్బాలు ఏవి? నావి ఏడాదిన్నరకే విరిగిపోతున్నాయి

కొత్తవేరు:
నమస్తే అండి అందరికీ. డాబా మీద హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా నీళ్ళలోనే మొక్కలు పెంచడం) మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. అప్పట్లో ఇంట్లో ఏవి ఉంటే అవే వాడేశా, స్టోరేజ్ డబ్బాలు, మామూలు బకెట్లు, మూతలకి రంధ్రాలు పెట్టి నెట్ పాట్లు (జాలీ కుండీలు) దింపి కింద న్యూట్రియెంట్ నీళ్ళు (పోషకాలు కలిపినవి) పోశా, అంతే. మొక్కలు మటుకు బాగానే వచ్చాయి. ఇప్పుడు డబ్బాలే ఒక్కొక్కటీ చేతికొచ్చేస్తున్నాయి. మొన్న ఒకదాన్ని కొంచెం పక్కకి జరుపుదామని అంచు పట్టుకుని లాగితే పటుక్కున విరిగి ముక్క చేతిలో ఉండిపోయింది, నీళ్ళన్నీ నా కాళ్ళ మీద. ఇంకోటి మధ్యలో బొజ్జ పెట్టేసి మూత పట్టట్లేదు. మూడోది తెల్లది, లోపలంతా పచ్చగా నాచు.

ఈసారి ఒకేసారి మంచివి తీసుకుందామని. బాగా మందంగా ఉన్నవి తీసుకుంటే చాలా? పీవీసీ పైపులు మేలా, థర్మాకోల్ పెట్టెలా? తెలిసినాయన జింకు పూత ఉన్న రేకు తొట్లు అయితే జీవితాంతం ఉంటాయి అన్నారు. లెట్యూస్, పుదీనా ఎక్కువ, టమాటా ఓ రెండు మొక్కలు.

నీడపట్టు:
మందం సంగతి తర్వాత చూద్దాం గానీ ముందు ఆ విరిగిన డబ్బా తిరగేసి అడుగున చూడండి, చిన్న త్రిభుజంలో ఒక నంబర్ ఉంటుంది. 5 ఉందంటే పీపీ (పాలీప్రొపిలీన్), 2 ఉందంటే హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్). నా అనుమానం మీది 5. పీపీ చెడ్డ ప్లాస్టిక్ అని కాదు, ఇంట్లో ఉంటే ఏళ్ళ తరబడి ఉంటుంది, కానీ యూవీ తట్టుకునే మందు కలపకుండా చేసింది ఎండలో పెడితే పైపొర సున్నంలా తేలిపోయి పెళుసెక్కిపోతుంది. గోరుతో గీకితే తెల్లపొడి వస్తోందంటే దాని పని అయిపోయినట్టే, ఇక కదపకండి. హెచ్‌డీపీఈ కొంచెం సాగే రకం, అంత త్వరగా పగలదు, అందులోనూ నల్లది ఇంకా మేలు, ఎందుకంటే ఆ నలుపు కార్బన్ బ్లాక్, యూవీని అదే మింగేస్తుంది. బయట ఎండలో ఉండే నీళ్ళ పైపులు నల్లగా ఉండేది ఊరికే కాదు.

అయితే నల్లది కొనేసి ఎండలో పెట్టేస్తే ఇంకో తంటా, నీళ్ళు కాగిపోతాయి. 20 డిగ్రీల దగ్గర నీళ్ళలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30కి వచ్చేసరికి ఏడున్నరే. వేర్లకి గాలి చాలదు, పిథియం అనే వేరుకుళ్ళు తెగులు పట్టి గోధుమరంగులోకి తిరిగి జిగటగా అయిపోతాయి. అందుకే లోపల నలుపు, బయట తెలుపు ఉండాలి. రెండు పొరలది దొరక్కపోతే తెల్ల రంగు వేసుకోండి, కానీ ఈ ప్లాస్టిక్‌కి రంగు అంటుకోదు, సాండ్ పేపర్‌తో గరుకు చేసి ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టాకే వేయాలి. లేదంటే తొక్కలా ఊడొచ్చేస్తుంది, నేను రెండుసార్లు చేసిన పనే ఇది 😅

నాచు సంగతికొస్తే వెలుతురు లోపలికి పోతోందంతే. రాత్రి ఖాళీ డబ్బాలో ఫోన్ టార్చ్ వెలిగించి మూత పెట్టి చూడండి, ఎక్కడ మెరుస్తుందో అక్కడ నాచు వస్తుంది.

పైపులోడు:
పైన చెప్పింది కరెక్టే, బొజ్జ గురించి మాత్రం నేను చెప్తా. లీటరు నీళ్ళు కిలో బరువు కదా, 40 లీటర్ల డబ్బా నింపితే 40 కిలోలు, ఆ స్టోరేజ్ డబ్బాలేమో బట్టలు, బొమ్మలు పెట్టుకోడానికి చేసినవి పాపం. పలక గోడ ఎప్పుడూ బయటికి ఉబ్బుతుంది, గుండ్రటి బకెట్‌లో ఒత్తిడి చుట్టూ సమానంగా పంచుకుంటుంది కాబట్టి ఉబ్బదు. ఒత్తిడి నీళ్ళ ఎత్తుని బట్టి పెరుగుతుంది, వెడల్పుని బట్టి కాదు, కాబట్టి పలకదే కావాలంటే లోతు తక్కువున్నది తీసుకోండి, లేదా నడుముకి చెక్క ఫ్రేమ్ కట్టండి. అడుగున నేల సమంగా ఉండాలి, రెండు ఇటుకల మీద నిలబెట్టి మధ్యలో గాల్లో వదిలేస్తే ఎంత మందం ఉన్నా అడుగు కుంగి అక్కడే చీలుతుంది.

పీవీసీ పైపులు లెట్యూస్‌కి బ్రహ్మాండం, నావి ఇప్పటికి నాలుగేళ్ళు. బయట తెల్ల రంగు కొట్టా. టమాటా మాత్రం అందులో పెట్టకండి అండి, వేర్లు జడలా అల్లుకుపోయి పైపు మూసుకుపోతుంది, నీళ్ళు వెనక్కి తన్ని పొంగుతాయి. పైగా పైపుల్లో పారే నీరు పల్చటి పొరే కాబట్టి కరెంట్ పోయి మోటర్ ఆగితే ఎండల్లో కొన్ని గంటల్లోనే వాడిపోతాయి. టమాటాకి విడిగా పెద్ద బకెట్ పెట్టుకోవడమే.

థర్మాకోల్ వద్దనే అంటాను. వేర్లు పొడుచుకుపోతాయి, నలకలు రాలి పంపులో ఇరుక్కుంటాయి.

మూడోబకెట్:
థర్మాకోల్ దగ్గర నేను ఒప్పుకోను బ్రో. ఎండలకి దానంత చల్లగా ఉంచేది ఏదీ లేదు, లోపల నల్ల షీట్ పరిస్తే వేర్లూ పొడవవు, నలకలూ రాలవు. నాలుగేళ్ళు వస్తుందని చెప్పను గానీ, రెండు మూడు పంటలకి ఢోకా లేదు.

అడిగినాయనకి: రేకు తొట్టి అసలు వద్దు. న్యూట్రియెంట్ నీళ్ళు పీహెచ్ 5.5 నుంచి 6.5 దాకా, అంటే కాస్త పులుపు వైపే ఉంచుతాం కదా, ఆ పులుపుకి జింకు పూత కరిగి నీళ్ళలోకి దిగుతుంది. జింకు ఎక్కువైతే కొత్త ఆకులు పసుపెక్కుతాయి, మీరేమో ఐరన్ తక్కువైంది అనుకుని ఇంకా మందు పోస్తారు. తొట్టి జీవితాంతం ఉంటుందేమో, మొక్క ఉండదు. సిమెంట్ తొట్టి కూడా పూత లేకుండా వద్దు, పీహెచ్ పైకి ఎగదోస్తూనే ఉంటుంది.

ఇంకోటి ఎవరూ చెప్పలేదు, కారేది ఎక్కువగా గోడ దగ్గర కాదు, మనం పెట్టిన రంధ్రం దగ్గర. మేకు కాల్చి పొడిచే బాపతు అయితే అంచున సన్న చీలికలు వస్తాయి, అవే పాకుతాయి. హోల్ సా (గుండ్రంగా కోసే డ్రిల్ బిట్) పెట్టి డ్రిల్ నిదానంగా తిప్పండి, వెనక చెక్క ముక్క ఆనించండి, అంచు నున్నగా గీకండి. మొక్క పెట్టేముందు ఉత్త నీళ్ళు నింపి రెండు రోజులు వదిలేయండి.

కొత్తవేరు:
తిరగేసి చూశా, మూడింటికీ 5 నంబరే 🙏 గోరుతో గీకితే పొడి కూడా వస్తోంది. సరే టమాటాకి నల్ల హెచ్‌డీపీఈ బకెట్లు, లెట్యూస్‌కి పైపులు అనుకుంటున్నా, పుదీనాకి థర్మాకోల్ ట్రై చేస్తా. ఒక్క డౌట్, పాత డ్రమ్ములు ఉన్నాయి, నీలం రంగువి, 2 నంబరే, అవి కోసి వాడుకోవచ్చా?

నీడపట్టు:
ముందు వాటిలో ఏం పోశారో తెలుసా? తినే సరుకు అయితే కడిగి వాడుకోండి. పురుగుమందో, యాసిడో, ఇంకేదైనా కెమికలో అయితే వద్దే వద్దు, ప్లాస్టిక్ పీల్చుకుంటుంది, పదిసార్లు కడిగినా మెల్లగా వదులుతూనే ఉంటుంది. తెలీదు అంటే అది కూడా వద్దు కిందే లెక్క.

కొత్తవేరు:
తెలీదండి, అయితే వదిలేస్తా. బకెట్లు రెండు తెచ్చి రంధ్రాలు పెట్టి నీళ్ళు నింపా నిన్న. ఒకటి బాగుంది, రెండోదానికి పైపు బిగించిన చోట కింద చెమ్మ కనిపిస్తోంది. రబ్బర్ వాషర్ బయటి వైపు పెట్టాను, తప్పా?

మూడోబకెట్:
లోపలి వైపు పెట్టాలి, నీళ్ళు ఉండే వైపు. విప్పి మార్చి నట్ చేత్తోనే బిగించండి, పానా పెట్టి మరీ తిప్పితే వాషర్ నలిగి మళ్ళీ కారుతుంది.