అప్‌డేట్: మొదటి ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ – చివరికి ఏం కొన్నానంటే

1/72 విమానాల కిట్లకి (అసలు విమానంలో 72వ వంతు సైజు బొమ్మలు) మొదటి ఎయిర్‌బ్రష్, అంటే గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి పరికరం, ఏది కొనాలి, దానికి గాలి అందించడానికి ట్యాంక్ లేని చిన్న కంప్రెసర్ సరిపోతుందా అని పోయిన నెల అడిగాను కదా, సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. 0.3 మి.మీ. నాజిల్ (రంగు బయటికొచ్చే రంధ్రం) ఉన్న డ్యుయల్ యాక్షన్, అంటే ఒకే మీటతో గాలినీ రంగునీ విడివిడిగా అదుపు చేసేది, రంగు కప్పు పైన ఉండేది తీసుకున్నాను, దాంతోపాటు 3 లీటర్ల ట్యాంక్ ఉన్న కంప్రెసర్. ట్యాంక్ ఉన్నదే కొనమన్న మీ మాట విని బతికిపోయాను, అది నిండగానే మోటార్ ఆగిపోతుంది, రాత్రి పదకొండింటికి పనిచేసినా పక్క ఫ్లాట్ వాళ్ళు ఇంకా తలుపు కొట్టలేదు.

అయినా మొదటి వారం రంగు చుక్కలు చుక్కలుగా చిమ్మింది. మా వైజాగ్ ఉక్కపోతకి గాలి గొట్టంలో నీళ్ళు చేరుతున్నాయేమో అని మాయిశ్చర్ ట్రాప్ (గాలిలో తేమని పట్టే ఫిల్టర్) చూస్తే పొడిగానే ఉంది. కొత్త నాజిల్ ఆర్డర్ పెట్టబోయాను కూడా. తీరా చూస్తే ఎయిర్‌బ్రష్ లోపలి సూది మొన మీద ఆవగింజలో సగం కూడా లేని ఎండిన యాక్రిలిక్ ముద్ద! రంగు పాలంత పలచగా కలుపు, గాలి ప్రెషర్ 15-20 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర ఉంచు అన్న సలహాతోనే దారికొచ్చింది. మధ్యమధ్యలో థిన్నర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో మొన తుడుస్తున్నాను. ఆ పోస్టులో 0.2 మి.మీ. నాజిల్ గురించి అంత చర్చ జరిగింది గానీ నాకైతే దాని అవసరమే రాలేదు. రంగు పీల్చకుండా ముఖానికి మాస్క్ కూడా కొన్నాను, అది నేను అడగకపోయినా మీరే చెప్పారు.